పులిహోర మిగిలిపోయిన రోజు

చిన్నీ, కన్నా,

మీరిద్దరూ తెలుగు కూడబలుక్కుని చదువుతారని నాకు తెలుసు. అర్థంకాని చోట మీ అమ్మని అడగండి, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ మాత్రం కొట్టకండి, అది నా మాటల్ని ఎక్కడికో తీసుకుపోతుంది. మొన్న థాంక్స్‌గివింగ్ రోజు పులిహోర గిన్నె మధ్యలో పెట్టుకుని మీరిద్దరూ వాదులాడుకుంటుంటే, ఒకరు ఆ పార్టీ వాళ్లంతా దేశద్రోహులని, ఇంకొకరు ఈ పార్టీ వాళ్లంతా దొంగలని అరుస్తుంటే, నేను లేచి వెళ్లి టీవీ కట్టేశాను గుర్తుందా? తాతయ్యకి కోపం వచ్చిందని గుసగుసలాడుకున్నారు. కోపమే, కానీ మీ మీద కాదు. మీరన్న మాటలన్నీ అంతకుముందు రాత్రే విన్నాను, చిన్నీ అన్నవి ఒక ఛానెల్లో, కన్నా అన్నవి ఇంకో ఛానెల్లో, దాదాపు అవే మాటలు, అదే వరస. మీ సొంతమాట ఒక్కటి కూడా వినపడలేదు.

నేను ఒహాయోలో ఈ యంగ్స్‌టౌన్ వచ్చింది 1979లో. ఉక్కు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులు. సాయంత్రం అరగంట వార్తలు వచ్చేవి, సీబీఎస్‌లో వాల్టర్ క్రాంకైట్ అని ఒక పెద్దాయన చదివేవాడు, 1981లో రిటైరయ్యాడు. ఆయన ఎవరికి ఓటేస్తాడో నాకెప్పుడూ తెలియలేదు. అలాగని అదేదో స్వర్ణయుగం అని చెప్పను, ఉన్నవి మూడు పెద్ద నెట్‌వర్కులు, వాటిలో మనలాంటి మొహం వెతికినా కనపడేది కాదు. కానీ అరగంటకి అయిపోయేవి. ఆ తర్వాత మనుషులు భోజనానికి లేచేవాళ్లు.

అప్పట్లో ఒక రూల్ ఉండేది, 1949 నుంచి. రేడియో, టీవీ లైసెన్సు ఉన్నవాళ్లు వివాదం ఉన్న విషయం మాట్లాడితే రెండోవైపు మాట కూడా వినిపించాలి. 1987లో దాన్ని తీసేశారు. మరుసటి ఏడాదే రిపబ్లికన్ల వైపే మాట్లాడే రష్ లింబా రేడియో షో దేశమంతా మొదలైంది. ఆ రూల్ ఉండి ఉంటే ఈ గోల ఉండేది కాదని కొందరు పెద్దవాళ్లు అంటుంటారు, అది సగమే నిజం, ఎందుకంటే అది గాలిలో వచ్చే స్టేషన్లకే గాని కేబుల్‌కి వర్తించేది కాదు. 1980లో వచ్చిన సీఎన్ఎన్‌కీ, 1996లో వచ్చిన ఎంఎస్ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్‌లకీ దానితో పనే లేదు. అసలు సంగతి ఖర్చు. ఇరవైనాలుగు గంటలు నింపాలి, ఊరూరికీ విలేకరిని పంపాలంటే డబ్బు తగలబడుతుంది, అదే నలుగురిని కూర్చోబెట్టి పోట్లాడిస్తే చవక, పైగా జనం రిమోట్ ముట్టుకోరు. సంక్రాంతికి భీమవరం దగ్గర కోడిపందాలు చూశారు కదా, గెలిచిన కోడికీ ఓడిన కోడికీ మిగిలేదేమీ ఉండదు, డబ్బంతా బరి వేసినవాడికి.

కన్నా, నీవైపు సంగతి ఒకటి చెప్తాను. 2020 ఎన్నికల తర్వాత ఓటింగ్ యంత్రాలు మోసం చేశాయని ఫాక్స్‌లో వారాల తరబడి చెప్పారు. అలా చెప్పినవాళ్లని కూర్చోబెట్టుకున్న యాంకర్లే లోపల లోపల ఒకరికొకరు ఇదంతా ఉత్తదేనని మెసేజ్‌లు పెట్టుకున్నారు, ఆ మెసేజ్‌లు కోర్టులో బయటపడ్డాయి, చివరికి 2023 ఏప్రిల్‌లో ఆ యంత్రాల కంపెనీకి 78 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. చిన్నీ, నవ్వకు. బైడెన్ వయసు గురించి ఎవరైనా నోరెత్తితే నువ్వు చూసే ఛానెళ్లలో కామెంటేటర్లు కసురుకునేవాళ్లు కదా, 2024 జూన్ 27 రాత్రి ట్రంప్‌తో డిబేట్ అవగానే వాళ్లే ఆయన పోటీ నుంచి తప్పుకోవాలని మొదలుపెట్టారు. అందరూ చూసేది వాళ్లకి అంతకుముందు కనపడలేదా?

ఇప్పుడు మన పక్క ఊరి సంగతి. ఈస్ట్ పాలస్టీన్ ఇక్కడికి ఎంతో దూరం కాదు. 2023 ఫిబ్రవరి 3 రాత్రి అక్కడ గూడ్సు రైలు 38 బోగీలు పట్టాలు తప్పింది, చక్రం బేరింగ్ వేడెక్కి. మూడు రోజుల తర్వాత ఐదు ట్యాంకర్లలోని వినైల్ క్లోరైడ్ అనే విష రసాయనాన్ని కావాలనే తగలబెట్టారు, పేలిపోతుందని భయపడి. ఆ నల్లటి మేఘం మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ తర్వాత టీవీ అంతా ఏమిటంటే, ముందు ఎవరు వచ్చారు? ట్రంప్ 22న వచ్చి నీళ్ల సీసాలు పంచాడు, రవాణా మంత్రి బుటజజ్ 23న వచ్చాడు, ఆయన వేసుకొచ్చిన బూట్ల మీద కూడా చర్చ పెట్టారు. బైడెన్ ఏడాదికి గాని రాలేదు. ఆ బూట్ల గురించి నాకు తెలిసినంత ఆ బేరింగ్ గురించి నాకు తెలియదంటే ఎవరి తప్పు?

అదే ఏడాది మార్చిలో అప్పటి ఒహాయో సెనేటర్లు ఇద్దరు, డెమొక్రాట్ షెరాడ్ బ్రౌన్, రిపబ్లికన్ జేడీ వాన్స్ (అవును, మన గోదావరి జిల్లా మూలాలున్న ఉష గారి భర్తే), కలిసి రైల్వే భద్రత బిల్లు పెట్టారు. రెండు పార్టీలవాళ్లు కలిసి పెట్టిన బిల్లు! కమిటీ దాటింది, మొత్తం సెనేట్‌లో ఓటింగుకే రాలేదు. దాని మీద ఎవరూ అరుచుకోలేదు కాబట్టి ఎవరూ చూపించలేదు. ఆ ట్యాంకర్లని తగలబెట్టాల్సిన అవసరమే లేదని దర్యాప్తు సంస్థ 2024లో తేల్చింది, అప్పటికి కెమెరాలన్నీ ఎప్పుడో సర్దుకుని వెళ్లిపోయాయి.

ఇంతకుముందైతే మా ఊరి పేపర్ విండికేటర్ వదిలిపెట్టేది కాదు. 150 ఏళ్లు నడిచి 2019 ఆగస్టులో మూతపడింది. ఆ పేరు పక్క ఊరి పేపర్‌వాళ్లు కొనుక్కుని ఇప్పటికీ వేస్తున్నారు, కానీ ఆ విలేకరులు లేరు. ఇప్పుడు స్కూల్ బోర్డు మీటింగుకి వెళ్తే వెనక బెంచీల మీద నేను, ఇంకో ముగ్గురం. మా పన్నులు ఎటు పోతున్నాయో రాసేవాడు లేడు గాని వాషింగ్టన్‌లో ఎవరు ఎవర్ని ఏమన్నారో నిమిషాల్లో తెలుస్తుంది. నాలుగేళ్లకోసారి న్యూయార్క్ నుంచి ఒక కెమెరా వచ్చి డైనర్లో కాఫీ తాగుతున్న ముసలాయన్ని మైకు పెట్టి అడుగుతుంది, అంతే. తెలుగు ఛానెళ్లు ఏమైనా తక్కువా అంటారేమో, తక్కువేం కాదు, ఏది ఏ పార్టీదో అక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు.

నేనేదో తెలివైనవాడిని కాబట్టి చెప్తున్నానని అనుకోకండి. మీ అమ్మ చిన్నప్పుడు సైకిల్ నేర్పిన బాబాయ్ గారు ఉన్నారు కదా, 2016 ఎన్నికలప్పుడు ఆయనా నేనూ మీలాగే మాటా మాటా అనుకుని ఆరేళ్లు మాట్లాడుకోలేదు. మా అబ్బాయి పెళ్లికి పిలవలేదు కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ మేఘం లేచిన రోజు సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు, "అన్నగారూ, మీ ఇంట్లోకి వాసనేమైనా వస్తోందా? వస్తే వదినగారిని తీసుకుని మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లిపోండి, తాళాలు నా దగ్గరున్నాయి" అన్నాడు. ఆయన ఓటు మారలేదు, నాదీ మారలేదు. నాది ఎటో మీ అమ్మమ్మకే చెప్పలేదు, మీరు అడిగి లాభం లేదు.

క్రిస్మస్‌కి ఆయనా వస్తున్నారు. పులిహోర మళ్లీ చేయిస్తాను, మొన్నటిది ఎవరూ ముట్టుకోలేదని మీ అమ్మమ్మ ఇంకా సణుగుతోంది.

మీ తాతయ్య