బూడిద రంగు టేకును చూసి కంగారు పడకండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. పడవ డెక్ (పైన నడిచే టేకు చెక్క నేల) బూడిద రంగుకు తిరిగిందనీ, ఈ సెలవుల్లో గట్టిగా తోమి మెరిపిస్తామనీ రాశారు. మీ ఉత్సాహానికి ముచ్చటేసింది. అయితే బ్రష్ పట్టుకునే ముందు నా మాట కాస్త వినండి.

కొత్త టేకు తేనె రంగులో ఉంటుంది. ఎండావానా తగిలితే కొన్ని నెలల్లోనే బూడిద రంగుకు తిరుగుతుంది. చెక్క పాడైందనుకుని చాలామంది టెన్షన్ పడతారు. నిజానికి ఎండ తీసిన రంగు అది, పైపైన పల్చటి పొరకే. లోపలి చేవలో సహజమైన నూనె ఉంటుంది కాబట్టి టేకు నీళ్లకు, చెదలకు అంత తేలిగ్గా లొంగదు. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉంది.

టేకు డెక్‌ను ఎక్కువగా పాడుచేసేది తోముడే. పాత పలక మీద వేలితో అడ్డంగా తడిమి చూడండి, సన్నటి గట్లు తగులుతాయి. చెక్కలో మెత్తని చార, గట్టి చార పక్కపక్కనే ఉంటాయి. గట్టి బ్రష్‌తో చారల వెంట తోమితే మెత్తనిది లేచిపోయి, గట్టిది గట్టులా మిగులుతుంది. ఆ గాడిలో మురికి చేరుతుంది. మురికి పోవాలని ఇంకా గట్టిగా తోముతారు. చివరికి సాండ్‌పేపర్‌తో చదును చేస్తారు. ఇలా ఏటేటా పలక పల్చబడి, స్క్రూల మీది చెక్క బిళ్లలు ఊడి, ఆ కన్నాల్లోంచి నీళ్లు దిగుతాయి. నీళ్లను జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్ అయితే ఈ నష్టమంతా ఒక్క పూటలో చేసేస్తుంది. దాని జోలికి వెళ్లొద్దు.

బకెట్టు సముద్రపు నీళ్లు, మెత్తని స్పాంజి చాలు. చారలకు అడ్డంగా తేలిగ్గా రుద్దండి. ఉప్పు చెక్కలో కాస్త తేమను నిలిపి ఉంచుతుంది, పాచినీ అంతగా పట్టనివ్వదు. నూనె ఒలికితే అప్పటికప్పుడే సబ్బు నీళ్లతో కడిగేయండి. బ్లీచ్ వద్దు. యాసిడ్ క్లీనర్లు మెత్తని చారను తినేస్తాయి. బజారులో దొరికే టేకు నూనె రాస్తే రంగు బాగా వస్తుంది కానీ ఎక్కువ కాలం నిలవదు, పైగా బూజు పట్టి నల్లబడుతుంది. డెక్‌కు నేనైతే రాయను.

వార్నిష్ సంగతి వేరు. నడిచే చోట వేస్తే కాలు జారుతుంది. రెయిలింగులకు, తలుపులకు మాత్రం బాగుంటుంది. వేసే ముందు నూనెను కరిగించే అసిటోన్ అనే ద్రవంలో తడిపిన గుడ్డతో తుడవండి, లేకపోతే టేకులోని నూనె మూలంగా వార్నిష్ సరిగా పట్టదు. పల్చటి పూతలు చాలా వేయాలి. ఒక్కోటీ ఆరాక సన్నగా సాండ్ చేసి, దుమ్ము తుడిచి, ఆ తర్వాతే ఇంకోటి. మాస్క్ తప్పనిసరి, టేకు పొడి ముక్కునీ చర్మాన్నీ ఇబ్బంది పెడుతుంది. వార్నిష్ ఎక్కడైనా పగిలితే వెంటనే పూత వేయండి. ఆలస్యమైతే నీళ్లు కిందికి చేరి నల్ల మచ్చలు పడతాయి.

ఇంకో పని చేసిపెట్టండి. డెక్ కడిగాక ఆరుతుంటే పక్కనే ఉండి, పలకల మధ్య సందుల్ని మూసే నల్లటి సీలెంట్ గీతల్ని గమనించండి. అంతా ఆరినా ఏ గీత పక్కనైనా తడి చార మిగిలిందంటే అక్కడ సీలెంట్ విడిపోయి ఉండొచ్చు. సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఎన్ని చోట్ల ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య