పెద్ద సంఘమా, చిన్న సంఘమా?

ప్రభువునందు ప్రియమైన పిల్లలకు వందనాలు.

చదువుల కోసం, ఉద్యోగాల కోసం కొత్త చోటికి వెళ్లిన మీలో చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. వేలమంది వచ్చే పెద్ద సంఘంలో చేరాలా, ముప్పై నలభై మంది కూడుకునే చిన్న సంఘంలో చేరాలా అని. విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

చిన్న సంఘం వైపు వాదించేవాళ్లు మొదట ఎత్తేది ఆదిమ సంఘం, అంటే మొట్టమొదటి క్రైస్తవుల మాట. "అపొస్తలుల కాలంలో అందరూ ఇళ్లలోనే కూడుకునేవాళ్లు కదా" అంటారు. నిజమే. ప్రిస్కిల్ల, అకులల ఇంట్లో సంఘం ఉండేది, ఫిలేమోను ఇంట్లో ఉండేది. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున ఉన్న దూరా యూరోపస్ అనే పాత పట్టణంలో తవ్వకాలు జరిపితే, 3వ శతాబ్దంలో సంఘం వాడుకున్న ఇల్లు ఒకటి బయటపడింది. ఉన్న ఇంట్లోనే రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒక హాలు చేసుకున్నారు. అందులో సుమారు 70 మంది పడతారు. అయితే పరిశుద్ధాత్మ శిష్యుల మీదికి దిగివచ్చిన పెంతెకొస్తు పండుగ రోజున ఒక్కసారే 3,000 మంది చేరారని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలోనే ఉంది. వాళ్లు దేవాలయంలో అందరితో కలిసి కూడుకున్నారు, ఇళ్లలో రొట్టె విరిచారు. రెండూ ఒకే వచనంలో పక్కపక్కన ఉన్నాయి. కాబట్టి బైబిల్ చూపించి ఎవరైనా మీతో ఒక వైపే వాదిస్తే, రెండో సగం కూడా చదవమనండి.

పెద్ద సంఘానికి వచ్చే మొదటి జబ్బు ఏమిటో అదే పుస్తకం 6వ అధ్యాయంలో కనిపిస్తుంది. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదని సణుగుడు మొదలైంది. ఎవరో కావాలని వాళ్లను పక్కన పెట్టారని అక్కడ రాయలేదు. మనుషులు ఎక్కువయ్యారు, కొందరు కంటికి ఆనలేదు, అంతే. అపొస్తలులు ఏం చేశారో చూడండి. సంఘాన్ని చిన్నది చేయలేదు. సణిగినవాళ్లను మందలించనూ లేదు. బాధ్యత తీసుకోవడానికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరి గోడు వినబడలేదో, ఆ మాట తెలిసినవాళ్ల చేతికే పని వెళ్లిందన్నమాట. పెద్ద సంఘాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు స్టేజీనీ, సౌండ్ సిస్టమ్‌నీ కాసేపు మరచిపోయి దీన్ని గమనించండి. ఇక్కడ కంటికి ఆననివాళ్లను చూసుకునే పని ఎవరిది? అడిగితే ఒక మనిషి పేరు చెప్పగలుగుతున్నారా, లేక "అందరం చూసుకుంటామండీ" అంటున్నారా?

చిన్న సంఘమంటే దానంతట అదే ప్రేమగా ఉంటుందని మాత్రం అనుకోకండి. కొరింథులో కూడుకున్నదీ ఇంట్లోనే. అయినా ప్రభు రాత్రి భోజనం దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడని పౌలు మండిపడ్డాడు. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అని ఒకాయన కనబడతాడు. అందరిలో తానే ముందుండాలని ఆయనకు కోరిక. వచ్చిన సహోదరులను చేర్చుకోడు, చేర్చుకునేవాళ్లను సంఘంలోంచి వెలివేస్తాడు. ఇలాంటి పెద్దమనిషి పెద్ద సంఘంలో ఉంటే పదిమంది అడ్డుపడవచ్చు. ముప్పై మంది ఉన్న చోట, అందులో సగం ఆయన బంధువులే అయితే, ఎవరు అడ్డుపడతారు?

"ఇద్దరు ముగ్గురు కూడితే చాలు, ఆయన మన మధ్య ఉంటాడు" అన్న వచనాన్ని కూడా చిన్న సంఘానికి సర్టిఫికెట్‌లా వాడుతుంటారు. మత్తయి 18వ అధ్యాయం పైనుంచి చదవండి. అక్కడ నడుస్తున్న మాట హాజరు గురించి కాదు. తప్పు చేసిన సహోదరుడి దగ్గరకు ముందు ఒంటరిగా వెళ్లు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకువెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అంటూ ఆ సందర్భంలో ప్రభువు అన్న మాట అది. మీరు తప్పు చేస్తే మీ దగ్గరకు వచ్చే ఆ ఒకరిద్దరు ఎవరు? సంఘాన్ని ఎంచుకునేటప్పుడు నేనైతే ముందు దీన్నే చూస్తాను. వాక్యం సరిగ్గా చెబుతున్నారా లేదా అన్నది ఎలాగూ చూడాల్సిందే, దానికి పెద్దా చిన్నా తేడా లేదు.

ఇక్కడ మీకు ఇంగ్లండ్‌లో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన బోధకుడు జాన్ వెస్లీ సంగతి చెప్పాలి. 1742లో బ్రిస్టల్‌లో వాళ్ల కూడికల మందిరం మీద అప్పు ఉండిపోయింది. ఎలా తీర్చాలని కూర్చుంటే, సభ్యులందరూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని ఒకాయన అన్నాడు. అది కూడా ఇవ్వలేని బీదలున్నారే అంటే, పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వాళ్ల దగ్గరకు వెళ్తాను, వాళ్లు ఇవ్వలేనిది నేను వేస్తాను అన్నాడు. మిగతావాళ్లూ అలాగే పంచుకున్నారు. ఇలా పెన్నీల కోసం ఇల్లిల్లూ తిరిగినవాళ్లు కొద్దిరోజులకు వేరే కబుర్లు మోసుకొచ్చారు. ఫలానా ఆయన మళ్లీ తాగుతున్నాడు, ఫలానా ఇంట్లో గొడవలు జరుగుతున్నాయి అని. వెస్లీకి వెంటనే వెలిగింది, తనకు ఇన్నాళ్లూ కావలసింది ఇదేనని. అప్పు తీర్చడానికి పుట్టిన ఏర్పాటు మనుషులను కాచుకునే ఏర్పాటు అయింది. మెథడిస్టుల "క్లాస్ మీటింగ్", అంటే వారం వారం ఒకరి బాగోగులు ఒకరు చూసుకునే చిన్న గుంపు, అలా మొదలైంది. ఏ కమిటీ కూర్చుని ప్లాన్ వేసినా ఇంత చక్కగా కుదిరేది కాదేమో!

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని యోయిడో ఫుల్ గాస్పెల్ చర్చిది ఇంచుమించు అలాంటి కథే. 1958లో కొద్దిమందితో, ఒక గుడారంలో మొదలైన సంఘం అది. అన్ని పనులూ తన మీదే వేసుకున్న పాస్టర్ యోంగి చో 1964లో కూలబడిపోయారు. అప్పుడు సంఘాన్ని ఇళ్లలో కూడుకునే చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి, వాటిని నడిపే పనిలో ఎక్కువ భాగం స్త్రీలకు అప్పగించారు. మగవాళ్లే ముందు నడవాలనుకునే ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. తర్వాత అది ప్రపంచంలోనే అతి పెద్ద సంఘాల్లో ఒకటిగా పెరిగింది. ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది. కానీ 2014లో, సంఘం డబ్బుకు నష్టం కలిగించిన కేసులో అదే చో గారిని కోర్టు దోషిగా తేల్చింది. విశ్వాసులను కనిపెట్టుకోవడానికి ఇంటింటా ఒక గుంపు ఉన్న సంఘంలో, పై స్థాయిలో డబ్బు మీద కన్ను సరిపోలేదు.

అందుకే డబ్బు సంగతి మొహమాటం లేకుండా అడగండి. కానుకలు ఎవరు లెక్కపెడతారు? ఇద్దరైనా కలిసి లెక్కపెడతారా? లెక్కలు ఏడాదికి ఒక్కసారైనా సభ్యుల ముందు పెడతారా? స్థలం, భవనం ఎవరి పేరు మీద ఉన్నాయి? పెద్ద సంఘంలో ఆడిట్ ఉంటుంది గానీ దాన్ని చదివేవాళ్లు తక్కువ. చిన్న సంఘంలో చాలాసార్లు పాస్టర్ గారి జేబూ సంఘం సంచీ ఒకటే అయిపోతాయి. ఆయన మంచివాడే కావచ్చు. మంచివాడైతే అడిగినందుకు నొచ్చుకోడు. అడిగినవాణ్ణి అవిశ్వాసి అనే చోట రెండో ఆదివారం కనిపించక్కర్లేదు.

ఇక మీ సంగతి. మీ వయసువాళ్లకు పెద్ద సంఘం ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. పాటలు బాగుంటాయి, యూత్ మీటింగ్‌లో మీలాంటివాళ్లు వందమంది దొరుకుతారు, ఎవరూ పట్టుకుని ప్రశ్నలు వేయరు. గుంపులో గోవిందా అని వెళ్లి రావచ్చు. ఒక సంఘంలో గాయపడి వచ్చినవాళ్లకు ఆ మరుగు అవసరమే. కొన్నాళ్లు వెనక వరుసలో కూర్చుని ఊరికే వినడం తప్పేమీ కాదు, అలాంటివాళ్లను తొందరపెట్టకండి. మిగతావాళ్లు మాత్రం మొదటి నెలలోనే ఒక గృహ కూడికలో చేరండి. అందులో చేరకుండా పెద్ద సంఘానికి వెళ్లడం ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ప్రసంగం వినడానికి పెద్దగా భిన్నం కాదు.

చిన్న సంఘంలో మూడో వారానికే మీ చేతిలో తాళంచెవులు పెడతారు. సండే స్కూల్ చెప్పమంటారు, కీబోర్డు వాయించమంటారు, కుర్చీలు సర్దమంటారు. రాదు అంటే నేర్చుకోమంటారు. దీనివల్ల వచ్చే ఎదుగుదల పెద్ద సంఘంలో దొరకడం కష్టం. అక్కడ ప్రతి పనికీ మీకంటే బాగా చేసేవాడు సిద్ధంగా ఉంటాడు. ఇంకో లాభం కూడా ఉంది. మీ ఈడువాళ్లు ఇద్దరే ఉంటారు కాబట్టి ముసలివాళ్లతో, చంటిపిల్లల తల్లులతో, మీకు అసలు పొసగని మనిషితో కలిసి కూర్చోక తప్పదు. అయితే పరీక్షలున్నా, ఒంట్లో బాగాలేకపోయినా అన్నీ మీ నెత్తినే పడతాయి. రెండేళ్లలో విసుగొచ్చి మొత్తానికే సంఘం మానేసిన పిల్లలను చూశాను. "ఈ నెల నావల్ల కాదండీ" అనడం మొదటినుంచీ అలవాటు చేసుకోండి. టెన్షన్ పడక్కర్లేదు, అలా అన్నంత మాత్రాన ఆరాధన ఆగిపోదు.

నన్ను ఒక్కటే ఎంచమంటే, ఇరవై దాటనివాళ్లను చిన్న సంఘానికే పంపుతాను, లెక్కలు సరిగ్గా ఉన్నాయని తేలితే. లేకపోతే గృహ కూడికలు గట్టిగా నడిచే పెద్ద సంఘం నయం. ఈ వారం ఇక్కడ, పై వారం అక్కడ అని తిరగకండి. నాలుగైదు ఆదివారాలు చూసి నిర్ణయించుకోండి, ఆ తర్వాత కనీసం ఏడాది పాటు ఉండండి. ఎవరితోనైనా మనస్పర్థ వచ్చి, సర్దుకుని, మళ్లీ అదే మనిషి పక్కన కూర్చోవడానికి ఆ మాత్రం కాలం పడుతుంది.

ఎప్పుడైనా సంఘం మారాల్సి వస్తే చెప్పకుండా మాయం కావద్దు. పాస్టర్ గారిని కలిసి కారణం చెప్పండి, మీ చేతిలో ఉన్న పని ఇంకొకరికి అప్పగించండి, సభ్యత్వ పత్రం ఇస్తే తీసుకోండి. ఆయన కోప్పడినా సరే, ఎదురు మాట్లాడకుండా విని రండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ