హాల్లోకి గేమింగ్ పీసీ: షాపుకొచ్చే అపోహలు, వాస్తవాలు

నల్గొండలో సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తూ పదేళ్లు దాటింది. ఈమధ్య బెడ్‌రూమ్ మూలనున్న గేమింగ్ పీసీని హాల్లో టీవీ పక్కకు మార్చేవాళ్లు ఎక్కువయ్యారు. దాంతో నాకు ఫోన్లూ ఎక్కువయ్యాయి.

అపోహ: టీవీలో గేమ్ లేటుగా కదిలితే గ్రాఫిక్స్ కార్డు పాతబడినట్టే.

"అన్నా, బటన్ నొక్కినంక కొంచెం ఆగి బండి తిరుగుతుంది. కొత్త కార్డు వెయ్యాల్నా?" అని మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే సెకనుకు 60 ఫ్రేమ్‌లు (బొమ్మలు) నిలకడగా వస్తున్నాయి. పీసీలో లోపం లేదు. టీవీయే, సినిమా బొమ్మ నున్నగా కనబడాలని ప్రతి ఫ్రేమ్‌నూ పట్టుకుని దిద్ది అప్పుడు వదులుతోంది. 60 హెర్ట్జ్ మీద ఒక్కో ఫ్రేమ్ తెరమీద ఉండేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. మామూలు పిక్చర్ మోడ్‌లో కొన్ని టీవీలు 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తాయి. టీవీ సెట్టింగ్స్‌లో, ఆ దిద్దుడు తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేసి గేమ్ ప్యాడ్ చేతికిచ్చాను. ఒక రేసు ఆడి, చేతిలో ప్యాడ్ వంక, నా వంక చూశాడు. కార్డు అమ్ముకునే బేరం పోయింది, ఛాయ్ మాత్రం తాగి వచ్చాను.

అపోహ: సీపీయూను షోకేస్‌లో పెట్టి అద్దం తలుపు వేస్తే దుమ్ము పడదు, మంచిదే.

దుమ్ము తగ్గుతుంది, నిజమే. కానీ గేమ్ నడిచేటప్పుడు మామూలు గేమింగ్ పీసీ కూడా 250, 300 వాట్లు వేడిగా వదులుతుంది. చిన్న రూమ్ హీటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. మన దగ్గర మే నెలలో బయటే 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మొన్న ఒక ఇంట్లో ఆ తలుపు తీస్తే రొట్టెల పెనం మీద నుంచి వచ్చే సెగలాంటిది మొహానికి కొట్టింది. లోపల ప్లాస్టిక్ పూల కుండీ అంచు మెత్తబడి వంగిపోయి ఉంది. పావుగంటకే గేమ్ నత్తనడక ఎందుకు పడుతోందో ఆ ఇంటాయనకు నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. వెనకా పైనా జానెడు ఖాళీ వదిలి బయటే పెట్టండి. నెలకోసారి బ్లోయర్ కొట్టుకుంటే దుమ్ము సంగతి తీరిపోతుంది.

అపోహ: 4కే టీవీకి 4కే కార్డే ఉండాలి.

అక్కర్లేదు. 4కేలో గీయాల్సిన చుక్కలు ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. సోఫా నుంచి ఎనిమిదడుగుల దూరాన 43 అంగుళాల టీవీ చూస్తూ ఆ తేడా కనిపెట్టేవాళ్లు తక్కువ. ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ మధ్యనుండే 1440పీలో పెట్టి హాయిగా ఆడుకోండి.

అపోహ: బెడ్‌రూమ్ పీసీలో గేమ్ నడిపి హాల్ టీవీలో ఆడాలంటే ఇంటర్నెట్ స్పీడు పెంచాలి.

బొమ్మ మీ పీసీ నుంచి మీ టీవీకే వెళ్తుంది, ఊరంతా తిరిగి రాదు. దీనికోసమే స్టీమ్ అనే గేమ్‌ల స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ 2015లో స్టీమ్ లింక్ అనే చిన్న డబ్బా తెచ్చింది, 2018లో ఆపేసింది. ఇప్పుడు అదే పని ఆండ్రాయిడ్ టీవీలో స్టీమ్ లింక్ యాప్ చేస్తుంది. ప్లాన్ మార్చే డబ్బులతో పీసీ నుంచి రౌటర్‌కు లాన్ వైరు లాగించుకోండి. టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి.

అపోహ: ఇన్వర్టర్ ఉంది కదా, కరెంటు పోయినా పర్లేదు.

ఫ్యాన్లకు పర్లేదు. పీసీ మాత్రం కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు మారే క్షణంలోనే ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ మీద, త్వరగా మారేలా చేసే యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో ముందు చూడండి. ఉన్నా, ఫ్యాన్లు, లైట్లతో పాటు గేమింగ్ లోడు మోయగలదో లేదో లెక్కేసుకోండి.