పిలిస్తే పలకని పిల్ల

చిన్నూకి, అమ్ములుకి,

మొన్న ఆదివారం అన్నాలు తినేటప్పుడు అమ్ములు ఒక మాట చెప్పింది. తన క్లాసులో ఒక అబ్బాయి ఎన్నిసార్లు పిలిచినా పలకడట, ఏది అడిగినా తల ఊపుతాడట, అందరూ వాడికి ట్యూబ్‌లైట్ అని పేరు పెట్టారట. మీరిద్దరూ నవ్వారు. నేను కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయానని మీ అమ్మ టెన్షన్ పడింది. నా ఒంట్లో బాగానే ఉంది. నోటితో చెప్పబోతే ఏడుపొస్తుందని కాగితం మీద పెడుతున్నాను.

1966లో నేను నాలుగో తరగతి. అప్పటికి మన ఊరు మద్రాసే, అధికారికంగా చెన్నై అయింది 1996లో. మా నాన్న, అంటే మీ ముత్తాత, బిన్నీ బట్టల మిల్లులో పనిచేసేవారు. పెరంబూరు, పులియాంతోపు చుట్టుపక్కల నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం, అందుకని మాకు తెలుగు మీడియం బడి ఉండేది. తరగతిలో నలభై మందిమి. నేను లీడర్ని.

నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు మీకు చెప్పను. ఆమె పిల్లలో, మనవలో ఈ ఊళ్ళోనే ఉండి ఉంటారు. ఆ అమ్మాయి అమ్మా నాన్నా కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేసేవాళ్ళు. ఆ పిల్ల చూచివ్రాత మీరు చూడాలి! ముత్యాలు గుచ్చినట్టు ఉండేది. ఒక్క ఒత్తు పోదు, ఒక్క దీర్ఘం తప్పదు. అదే ఉక్తలేఖనం అయితే పేజీ నిండా ఎర్ర సిరా. మాస్టారు "సీత" అని చెబితే "ఈత" అని రాసేది. రెండు నోటు పుస్తకాలూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని దిద్దేవారు ఆయన. చూసి అంత బాగా రాసే పిల్ల, విని ఎందుకు రాయలేకపోతోంది? ఆ ప్రశ్న ఆయనకు ఒక్కరోజూ రాలేదు. తొమ్మిదేళ్ళదాన్ని, నాకూ రాలేదు. కానీ నాకు తెలిసింది ఇంకొకటి ఉంది. అది తర్వాత చెబుతాను.

మాస్టారు ప్రతి నెలా మార్కుల ప్రకారం కూర్చోబెట్టేవారు. ఎక్కువ వచ్చినవాళ్ళు ముందు, తక్కువ వచ్చినవాళ్ళు వెనక. ఆ పిల్ల నెలకో వరస వెనక్కి జరిగింది. వెనక వరస రోడ్డు వైపు కిటికీ దగ్గర. బయట ఎద్దుబళ్ళు, లారీలు, కుళాయి దగ్గర బిందెల చప్పుడు. వెనక్కి వెళ్ళేకొద్దీ తప్పులు పెరిగాయి, తప్పులు పెరిగేకొద్దీ వెనక్కి వెళ్ళింది. తెలివిగల పిల్ల కాబట్టి మాస్టారి పెదాలు చూసి సగం ఊహించుకునేది. ఆయన బోర్డు వైపు తిరిగితే ఆ సగమూ పోయేది.

"అర్థమైందా?" అంటే తల ఊపేది. "ఏం చెప్పానో చెప్పు" అంటే నిలబడి నేల చూసేది. అబద్ధాలకోరు అని బెత్తం తీసేవారు. ఒకసారి "మీవాళ్ళకి చీపురు పట్టడానికి చదువెందుకే" అన్నారు. అదే తరగతిలో ఒక గుమాస్తా గారి అబ్బాయికీ ఉక్తలేఖనం వచ్చేది కాదు. వాణ్ణి సాయంత్రం కూర్చోబెట్టి నేర్పేవారు. కాబట్టి ఆయనకు ఓపిక లేదని నేను ఎన్నడూ అనుకోలేదు. అది ఎవరి మీద ఖర్చుపెట్టాలో ముందే నిర్ణయించుకున్నారు. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం పోలేదు, పోవాలని కూడా లేదు.

అర్ధ సంవత్సరం పరీక్షలకు ముందు ఒకరోజు పిలిచినా పలకలేదని వెనక్కి వెళ్ళి చెవి మీద కొట్టారు. చప్పుడు ముందు వరసలో ఉన్న నాకు వినిపించింది. మర్నాడు చెవిలో దూది పెట్టుకొచ్చింది. దూదంతా పచ్చగా తడిసి ఉంది. పరీక్షల తర్వాత ఇక బడికి రాలేదు. కొన్నాళ్ళు హాజరు పట్టీలో పేరు పిలిచారు. తర్వాత ఎర్ర గీత కొట్టారు.

చెవి సంగతి నాకు తెలిసింది అరవై దాటాక. నా చెవులకు ఈ మెషిన్లు పెట్టే ముందు పరీక్ష చేసిన అమ్మాయి, చెవి బొమ్మ గీసి చెప్పింది. మనం మామూలుగా మాట్లాడుకునేది దాదాపు 60 డెసిబెల్స్, గుసగుస 30. అచ్చులు గట్టిగా పలుకుతాయి. స, త, క లాంటివి సన్నగా ఉంటాయి కాబట్టి అవే ముందు జారిపోతాయి. "సీత" "ఈత"గా వినిపించేది అందుకే. పిల్లల్లో గొంతు నుంచి చెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, ఏటవాలు లేకుండా ఉంటుంది. జలుబు చేస్తే తేలిగ్గా చెవికి పాకుతుంది. కర్ణభేరి వెనక నీరు గానీ చీము గానీ చేరితే వినికిడి తగ్గుతుంది, మళ్ళీ మళ్ళీ వస్తే కర్ణభేరికి రంధ్రం పడవచ్చు. మా రోజుల్లో కొబ్బరినూనె కాచి పోసేవాళ్ళు. రంధ్రం ఉన్న చెవిలో నూనె పోస్తే ఇంకా ముదురుతుంది. చెవి మీద గట్టిగా కొడితే ఆ గాలి ఒత్తిడికే కర్ణభేరి చిరిగిపోవచ్చు. ఇవన్నీ వింటూ ఆ కుర్చీలో కూర్చుని నేను చూసింది ఆ పచ్చటి దూదినే. మందులున్నాయి, చిన్న ఆపరేషన్‌తో రంధ్రం మూయవచ్చు. ఎవరైనా గమనిస్తే చాలు, అక్కడి నుంచి దారి ఉంది.

ఇక నాకు తెలిసింది ఏమిటంటే, ఆ పిల్ల నా పక్కన ఉన్నన్నాళ్ళూ హాజరు పిలిచినప్పుడు నేను మోచేత్తో పొడిచేదాన్ని. పొడిస్తే "ప్రెజెంట్ సార్" అనేది. రోజూ పొడిచేదాన్ని. అంటే వినపడదని నాకు తెలుసు. వెనక వరసకు వెళ్ళాక పొడిచేవాళ్ళు లేరు. పిల్ల ఎదురుగా కూర్చుని ఉండగానే ఆబ్సెంట్ పడేది. లీడర్ని నేను. లేచి నిలబడి "సార్, తనకు వినపడదు" అంటే సరిపోయేది. ఆయన నన్ను కొట్టేవారు కాదు, నాకు మంచి మార్కులు వచ్చేవి. నేను అనలేదు. ఎందుకంటే ఆయన నన్ను మెచ్చుకునేవారు, అది నాకు ఇష్టంగా ఉండేది.

ఇప్పుడు విద్యాహక్కు చట్టం ఉంది. 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడమే కాదు, మాటలతో హింసించడమూ తప్పే. పిల్లలు తామే ఫోన్ చేయడానికి 1098 ఉంది. ప్రభుత్వ బడులకు వైద్య బృందాలు వచ్చి చెవులు, కళ్ళు చూస్తున్నాయి. మీది ప్రైవేటు స్కూలు కదా, అక్కడ ఎలా ఉందో మీ మిస్‌ని అడగండి.

అమ్ములూ, ఈమధ్య నన్ను ఎవరైనా వెనక నుంచి పిలిస్తే నువ్వు నా చెయ్యి తట్టి చెబుతున్నావు. నీకు ఎవరూ నేర్పలేదు. ఆ అబ్బాయిది ఏ బెంచీ? బోర్డుకు ఎంత దూరం? మిస్ బోర్డు వైపు తిరిగి చెప్పినప్పుడు వాడు ఏం చేస్తాడు? సోమవారం చూసి నాకు రాసి పంపు. వాళ్ళమ్మగారి ఫోన్ నంబరు క్లాసు గ్రూపులో ఉంటుందని మీ అమ్మ చెప్పింది, నేను మాట్లాడతాను.

మీ
అమ్మమ్మ