బంకులో పెట్రోలు మారింది, చిన్న విమానం మళ్లీ సీసం దగ్గరికి వెళ్లింది

హైదరాబాదులో ఇప్పుడు మామూలు బంకులో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటుంది. కారు ఉన్నవాళ్లు దీన్ని మైలేజీ సమస్యగా చూస్తున్నారు. రెండు సీట్ల తేలికపాటి విమానం నడిపేవారికి, దాన్ని సర్వీసు చేసే ఇంజనీరుకు మాత్రం ఆ పెట్రోలు అసలు పోయవచ్చా లేదా అన్నదే ప్రశ్న. ఈ తరగతి విమానాల్లో ఎక్కువగా కనిపించేది ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ 912 ఇంజన్. ఎథనాల్ విషయంలో దానికి తయారీదారు ఇచ్చిన అనుమతి 10 శాతం దగ్గరే ఆగింది. బంకు పెట్రోలు పనికిరాకపోతే మిగిలేది విమానాల కోసం చేసే సీసం కలిపిన ఏవ్‌గ్యాస్. అది పోస్తే దాని ఫలితం ఇంజన్ ఆయిల్ ట్యాంకులో కనబడుతుంది. ఈ చిక్కు ఎలా ఏర్పడిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

1921లో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్‌గ్లీ, పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసం రసాయనం కలిపితే ఇంజన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు లేకుండా మండి ఠకఠక కొట్టడం) ఆగుతుందని కనిపెట్టాడు. సీసం విషమని అప్పటికే తెలుసు. అయినా ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, పెంచడానికి అంతకన్నా చౌకైన దారి లేదని వాడకం సాగింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానాల శక్తి వెనక ఉన్నది ఈ సీసం కలిపిన హై ఆక్టేన్ ఇంధనమే.

ఆ రోజుల్లో నిజాం కాలపు బేగంపేట విమానాశ్రయంలో టైగర్ మాత్ అనే రెండంతస్తుల రెక్కల శిక్షణ విమానాలపై ప్రాథమిక శిక్షణ ఇచ్చేవారు. వాటి ఇంధన వ్యవస్థ చాలా సులువు. పై రెక్క మధ్యలో ట్యాంకు, అక్కడి నుంచి పెట్రోలు తన బరువుతోనే కార్బురేటర్‌లోకి దిగేది, పంపు లేదు. ఆయిల్ ట్యాంకు విమానం ఎడమ పక్కన బయటికే కనిపించేది. తర్వాత 1958లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ పుష్పక్ అనే చిన్న శిక్షణ విమానం దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరింది. దాని 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్ లాంటి వాటికి 80 ఆక్టేన్ ఏవ్‌గ్యాస్ సరిపోయేది, అందులో సీసం చాలా తక్కువ. ఆ ఇంధనం క్రమంగా మార్కెట్ నుంచి తప్పుకుంది. 100ఎల్ఎల్ (100 ఆక్టేన్, లో లెడ్) అనే ఏవ్‌గ్యాస్ ఒక్కటే మిగిలింది. నీలం రంగులో ఉండే ఈ ఇంధనంలో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండవచ్చు. తక్కువ సీసానికి తగ్గట్టు రూపొందిన ఇంజన్లు అప్పుడే ప్లగ్గులు మసిబారి ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టాయి.

రోడ్డు మీద కథ వేరుగా నడిచింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలైంది, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అదే. 2021లో అల్జీరియా కూడా మానేయడంతో ప్రపంచంలో ఎక్కడా కార్లకు సీసం పెట్రోలు అమ్మడం లేదు. పిస్టన్ విమానాలకు మాత్రం అది ఇంకా అందుతూనే ఉంది.

1989లో వచ్చిన రోటాక్స్ 912 ఈ దారి నుంచి పక్కకు జరిగింది. 80 హార్స్‌పవర్ రకానికి 90 ఆక్టేన్, 100 హార్స్‌పవర్ రకానికి 95 ఆక్టేన్ ఉంటే చాలు, కారు పెట్రోలుతో నడుస్తుంది. అమెరికా 2004లో లైట్ స్పోర్ట్ తరగతిని గుర్తించి 600 కిలోల బరువు పరిమితి పెట్టాక ఈ ఇంజన్ మరింత విస్తరించింది. మన దగ్గర 2015లో వైమానిక దళం, నౌకాదళం, ఎన్‌సీసీల కోసం 194 పిపిస్ట్రెల్ వైరస్ అనే తేలికపాటి విమానాలకు ఒప్పందం కుదిరింది. వాటిలో ఉన్నదీ 80 హార్స్‌పవర్ రోటాక్సే. ఈ ఇంజన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం, సీసం లేకుండా బతకగలగడమే.

అయితే అదే గుణం ఏవ్‌గ్యాస్ పోసినప్పుడు ఎదురు తిరుగుతుంది. ఇంజన్‌లో కాలిన సీసం పేరుకోకుండా పొగతో బయటికి పోవాలని ఏవ్‌గ్యాస్‌లో ఒక బ్రోమిన్ రసాయనం కలుపుతారు. అది సరిగా పనిచేయాలంటే సిలిండర్ బాగా వేడెక్కాలి. రోటాక్స్‌లో సిలిండర్ హెడ్లను కూలెంట్ చల్లబరుస్తుంది, కాబట్టి పాత ఎయిర్ కూల్డ్ ఇంజన్లంత వేడి ఉండదు. కొంత సీసం పిస్టన్ రింగుల పక్కగా జారి ఆయిల్‌లో కలుస్తుంది, బూడిదరంగు ముద్దలా ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ ఆయిలే ప్రొపెల్లర్ గేర్‌బాక్సుకూ వెళ్తుంది. ఇంజన్‌కు, గేర్లకు, ఓవర్‌లోడ్ క్లచ్‌కు కలిపి ఉన్నది సుమారు మూడు లీటర్లే. అందుకే దీనికి మామూలు విమానాల ఆయిల్ సరిపోదు, గేర్లను కాపాడే మోటార్‌సైకిల్ తరహా ఆయిల్ కావాలి. పూర్తి సింథటిక్ అయితే సీసాన్ని తనలో తేలేలా పట్టి ఉంచలేదు, కాబట్టి ఏవ్‌గ్యాస్ వాడేవాళ్లకు సెమీ సింథటిక్ మేలు. ఎగిరిన సమయంలో 30 శాతానికి మించి సీసం ఇంధనం వాడితే ఆయిల్ మార్పు 100 గంటల నుంచి 50 గంటలకు ముందుకు జరుగుతుంది. ప్లగ్గులనూ త్వరగా చూడాలి.

ఆయిల్ లెవెల్ చూడటం కూడా కారులా కాదు. ఈ ఇంజన్‌లో ఆయిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే పంపు లేదు, క్రాంక్‌కేసులో చేరే గ్యాసు ఒత్తిడే దాన్ని వెనక్కి తోస్తుంది. ఇగ్నిషన్ ఆపి ఉందని చూసుకుని, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ పోతే ట్యాంకులో గుడగుడమని శబ్దం వస్తుంది. డిప్‌స్టిక్ చూడాల్సింది అప్పుడే. వెనక్కి తిప్పితే ఆయిల్ దారిలోకి గాలి చేరుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే దీన్ని దగ్గరుండి చూపించాలి. హైదరాబాదు చలికాలపు ఉదయాల్లో ఆయిల్ 50 డిగ్రీలకు చేరేదాకా ఫుల్ పవర్ ఇవ్వకూడదు. వానాకాలంలో ఇంకో సంగతి: ఎగిరిన రోజున ఒకసారైనా ఆయిల్ 100 డిగ్రీలు చూడకపోతే అందులో చేరిన తేమ ఆవిరి కాదు. రన్‌వే చుట్టూ చిన్న సర్క్యూట్లు రెండు కొట్టి హ్యాంగర్‌లో పెట్టేస్తే ఆ నీరు లోపలే ఉండిపోతుంది.

ఇక ఎథనాల్. మన దేశంలో 2003లో 5 శాతంతో కొన్ని రాష్ట్రాల్లో కలపడం మొదలుపెట్టారు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. 2022 జూన్‌లో 10 శాతం దాటింది. అక్కడే ఆగి ఉంటే రోటాక్స్ పరిమితికి సరిపోయేది. 20 శాతం లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపి, 2023 ఫిబ్రవరిలో ఇ20, అంటే 20 శాతం ఎథనాల్ పెట్రోలు, అమ్మకాలు ప్రారంభించారు. చమురు దిగుమతి తగ్గించాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ కొత్త పెట్రోలు చిన్న విమానాలకు తెచ్చే ఇబ్బందిని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు.

ఆ ఇబ్బంది గొట్టాల దగ్గర మొదలవుతుంది. ఎథనాల్ పాత రబ్బరు గొట్టాలను, కొన్ని ఫైబర్ ట్యాంకుల లోపలి పూతను దెబ్బతీస్తుంది. నీటిని పీల్చుకుంటుంది కూడా. మామూలు పెట్రోలులో నీరు అడుగున విడిగా కనిపిస్తుంది, పొద్దున్నే డ్రెయిన్ నుంచి తీసి చూస్తే దొరుకుతుంది. ఎథనాల్ పెట్రోలులో కొంత నీరు కలిసిపోయి కనబడదు. పరిమితి దాటినప్పుడు నీరూ ఎథనాలూ కలిసి ఒక్కసారి కిందికి దిగుతాయి, పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ పడిపోతుంది. దీనికి మే నెల ఎండ తోడవుతుంది. కారు పెట్రోలు ఏవ్‌గ్యాస్ కంటే త్వరగా ఆవిరవుతుంది. 40 డిగ్రీల ఎండలో దిగి, వెంటనే మళ్లీ ఎగరబోయే విమానంలో కౌలింగ్ (ఇంజన్ మీది మూత) కింద పైపులో ఆవిరి బుడగలు కట్టి ఇంధనం ఆగిపోవచ్చు. కార్బురేటర్‌కు పోగా మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ లైను ఉన్నది దీనికే. అది మూసుకుపోలేదని చూసుకోవడం ఎండాకాలపు సర్వీసులో తప్పనిసరి.

ప్రీమియం పెట్రోలైనా పేరు చూసి నమ్మకూడదు. గీతలున్న గాజు గొట్టంలో పది వంతుల్లో ఒక వంతు నీరు, మిగతా తొమ్మిది వంతులు పెట్రోలు పోసి, కుదిపి, కాసేపు నిలబెడితే చాలు. నీటి గీత పైకి జరిగితే ఎథనాల్ ఉన్నట్టే, ఎంత జరిగిందన్నది మోతాదు చెబుతుంది. ఇంజన్ తయారీదారు ఒప్పుకున్నా విమాన తయారీదారు ఒప్పుకోవాలన్న సంగతీ మరవకూడదు.

ఏవ్‌గ్యాస్ చాలాకాలం విదేశాల నుంచే వచ్చేది. ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో చేసిన 100ఎల్ఎల్‌ను 2022 సెప్టెంబరులో విడుదల చేసింది. సరఫరాకు అది మంచి వార్తే, కానీ సీసం సమస్య అలాగే ఉంది. 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఏవ్‌గ్యాస్ వాడే విమానాల నుంచి వచ్చే సీసం ప్రజారోగ్యానికి హానికరమని తేల్చింది. అక్కడ 2030 నాటికి దాన్ని మానేయాలని పెట్టుకున్నారు. బేగంపేట రన్‌వే చుట్టూ ఇళ్లు, బడులు, బస్తీలు ఉన్నాయి. ఆయిల్ ఫిల్టర్ కోసి చూసే మెకానిక్ చేతులకూ ఆ సీసమే అంటుతుంది. ఎథనాల్ లేని, సీసం లేని పెట్రోలును ఫ్లయింగ్ స్కూళ్లకు డ్రమ్ముల్లోనైనా విడిగా అందించాలని చమురు సంస్థలను అడగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. అది వచ్చేదాకా ఏ ఇంధనంతో ఎన్ని గంటలు ఎగిరారో లాగ్‌బుక్‌లో విడిగా రాసుకోవాలి. ఆ లెక్క లేకపోతే 30 శాతం ఎప్పుడు దాటారో, ఆయిల్ ఎప్పుడు మార్చాలో తేల్చడానికి ఆధారం ఉండదు.