చీములా కనిపించే కేన్సర్

ఈమధ్య విశాఖలో ఒక ఆసుపత్రి ఓపీ వరండాలో, పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ పక్కన కూర్చున్నాను. పదేళ్ల కొడుకు మోకాలి కింద వాపు. నాటుకట్టు విప్పేశారు గానీ పసరు వాసన ఇంకా పోలేదు. "సీము పట్టిందన్నారు బాబూ, రెండు నెల్లు మందులు మింగించినాం" అంది, ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని.

ఈ తికమక ఇవాళ్టిది కాదు. న్యూయార్క్ పాథాలజిస్టు (కణాలు చూసి జబ్బు తేల్చే డాక్టరు) జేమ్స్ యూయింగ్ 1921లో ఒక 14 ఏళ్ల అమ్మాయి కేసు గురించి రాశారు. ముంజేతి ఎముకలో గడ్డ. ఆస్టియోసార్కోమా అనే మరో రకం ఎముక కేన్సర్ అనుకున్నారు. అది రేడియం కిరణాలకు లొంగే రకం కాదు, ఈ గడ్డ మాత్రం వాటికి కరిగింది. ఇది వేరే జబ్బని యూయింగ్ తేల్చారు. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది.

యూయింగ్ సార్కోమా అనే ఈ ఎముక కేన్సర్ అచ్చం ఎముక ఇన్ఫెక్షన్ వేషంలో వస్తుంది. జ్వరం, వాపు, రక్తపరీక్షలో పెరిగిన ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే లెక్క), పెరిగిన తెల్లకణాలు. కోసి చూసినా, చచ్చిన కణాలు కరిగి చీములాగే కారవచ్చు. చీము కనిపించింది కదా అని అక్కడితో ఆగితే నెలలు పోతాయి. అందుకే ఎముకల డాక్టర్లలో ఒక పాత నియమం ఉంది: కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయా అని చూసే పరీక్షకు) పంపినదాన్ని బయాప్సీకీ (ముక్కను మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకూ) పంపాలి, బయాప్సీకి పంపినదాన్ని కల్చర్‌కీ పంపాలి. మన దగ్గర ఎముక టీబీ కూడా ఉంది కాబట్టి ఈ నియమం మనకు మరీ అవసరం.

కేన్సర్ కానిది కేన్సర్‌లా భయపెట్టడమూ ఉంది. మెడలో ఉండి కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఎముకలో వచ్చే బ్రౌన్ ట్యూమర్, మైక్రోస్కోపు కింద జెయింట్ సెల్ ట్యూమర్ అనే అసలైన ఎముక గడ్డలాగే ఉంటుంది. రక్తంలో కాల్షియం, పీటీహెచ్ (ఆ గ్రంథి వదిలే హార్మోను) చూస్తే గుట్టు బయటపడుతుంది. ఇంత చిన్న పరీక్ష మరిచిపోయి ఎముక మీద కత్తి పెట్టడం నాకు మింగుడుపడదు.

ఇవి అరుదైన జబ్బులు, ఒక్క డాక్టరు అనుభవం చాలదు. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1920ల నాటికే ఇలాంటి కేసులను ఒకచోట చేర్చడం మొదలుపెట్టారు. ఎక్స్‌రే, మైక్రోస్కోపు స్లైడు, రోగి చెప్పిన కథ మూడూ ఒకే బల్ల మీదికి రావాలన్న పద్ధతి అలా బలపడింది. 1992లో, 11, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టే జన్యువును యూయింగ్ సార్కోమాలో పట్టుకున్నాక అనుమానం తీర్చుకునే దారి ఇంకొకటి దొరికింది.

విశాఖకు 1923 నాటి ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. అయితే బయాప్సీ ఎక్కడ పడితే అక్కడ చేయించకూడదు. సూది దిగిన దారిని కూడా తర్వాత గడ్డతోపాటు తీసేయాల్సి రావచ్చు, అందుకే ఆపరేషన్ చేయబోయే బృందమే ఆ చోటు నిర్ణయించాలి. ఇంకో చోట చూపించుకునేటప్పుడు రిపోర్టు కాగితంతో సరిపెట్టకండి, స్లైడు, గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు కూడా అడిగి పట్టుకెళ్లండి.

ఆవిడ కవరులో రెండు ఎక్స్‌రేలు ఉన్నాయి. బయాప్సీ చీటీ ఆ రోజే రాశారు.