"మావాణ్ణి డిఫెన్స్‌లో వేయొద్దన్నా!": ఐస్ హాకీ డిఫెన్స్‌మన్ గురించి అపోహలు - వాస్తవాలు

టొరంటోకి పడమర వైపు ఒక ఊళ్ళో పన్నెండేళ్ళుగా పిల్లల ఐస్ హాకీ టీమ్‌లకి కోచింగ్ ఇస్తున్నాను. వారమంతా ఐటీ ఉద్యోగం, సాయంత్రాలూ శనాదివారాలూ రింకు. పుట్టింది విజయవాడలో. చిన్నప్పుడు నాకు ఐసు అంటే సోడా కొట్టులో ఊక కప్పి పెట్టిన దిమ్మ, అంతే. ముప్పై నాలుగో ఏట మా అమ్మాయితో పాటే స్కేటింగ్ నేర్చుకున్నాను. తను డిఫెన్స్‌లో కుదురుకుంది, నేను డిఫెన్స్ కోచ్‌గా కుదురుకున్నాను. పెద్ద లీగుల్లో ఆడినవాణ్ణి కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

ప్రతి సీజన్ మొదట్లో మనవాళ్ళ దగ్గర్నుంచి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. ఈ ఏడాది మొదటిది ఇది: "అన్నా, మావాణ్ణి డిఫెన్స్‌లో వేయొద్దు ప్లీజ్. వాడు గోల్స్ కొట్టే టైపు." ఒక్కొక్కరికీ విడివిడిగా టైపు చేసే ఓపిక లేక అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే పెద్ద ప్రొఫెషనల్ లీగ్. అక్కడ రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85. ఒక్కో వైపు ఆరుగురు: గోలీ (గోల్ కీపర్), ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్‌మన్లు. బంతి బదులు మూడంగుళాల వెడల్పున్న గట్టి రబ్బరు బిళ్ళ, దాన్నే పక్ అంటారు. ఆటకి ముందు ఫ్రీజ్ చేసి పెడతారు, ఎగరకుండా జారడానికి.

అపోహ: గోల్స్ కొట్టడం రానివాళ్ళని డిఫెన్స్‌లో వేస్తారు

దీనికి 1970లోనే జవాబు వచ్చేసింది. బోస్టన్ బ్రూయిన్స్ డిఫెన్స్‌మన్ బాబీ ఓర్ ఆ సీజన్‌లో 33 గోల్స్, 87 అసిస్ట్‌లతో (తోటివాడి గోల్‌కి పాస్ అందిస్తే అసిస్ట్, రెండిటికీ ఒక్కో పాయింటు) 120 పాయింట్లు తెచ్చి లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. 1975లో మళ్ళీ అదే పని చేశాడు. ఓర్ తప్ప ఇంకే డిఫెన్స్‌మనూ ఇప్పటిదాకా లీగ్ స్కోరింగ్ టైటిల్ గెలవలేదు. రే బోర్క్ తన కెరీర్ మొత్తం మీద 410 గోల్స్ కొట్టాడు. మొన్న 2024-25లో కొలరాడో ఆటగాడు కేల్ మకార్ 30 కొట్టాడు.

అయితే అందరూ ఓర్‌లు కారు. ఎక్కువమంది డిఫెన్స్‌మన్లు ఏడాదికి నాలుగైదు గోల్స్ కొట్టి, వేరే పనికి జీతం తీసుకుంటారు. ఆ వేరే పని ఏమిటన్నదే బయటివాళ్ళకి కనపడదు.

అపోహ: డిఫెన్స్ పని అంటే ఎదురొచ్చేవాణ్ణి గుద్దేసి పక్ లాక్కోవడం

కబడ్డీ చూసేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రైడర్ లోపలికి రాగానే కాలు మీదకి దూకే కార్నర్ డిఫెండర్ టచ్ ఇచ్చుకుని బయటికి పోతాడు. మంచివాడు ఆగుతాడు, రైడర్‌ని తనకి కావలసిన మూలకి నడిపించి అప్పుడు పడతాడు. మా దగ్గరా అంతే. కాకపోతే ఇక్కడ వెనక్కి స్కేట్ చేస్తూ చెయ్యాలి, అదీ ఎదురొచ్చేవాడి వేగానికి సరిపడా.

ఎదుటివాడికీ మనకీ మధ్య దూరాన్ని గ్యాప్ అంటాం. సుమారు ఒక స్టిక్ పొడవు ఉండాలి. ఎక్కువైతే వాడికి షాట్ కొట్టే తీరిక దొరుకుతుంది, తక్కువైతే పక్కనుంచి దాటేస్తాడు. రింకు మధ్యలో మనం ఉండి, వాణ్ణి పక్కనున్న బోర్డుల (రింకు చుట్టూ ఉండే గోడ) వైపు నెడుతూ పోవాలి. ఇక చూపు. పిల్లలకి మొదట చెప్పేది ఇదే: పక్ చూడకు, వాడి జెర్సీ మీదున్న బొమ్మ చూడు. పక్ అటూ ఇటూ ఆడించి మోసం చెయ్యొచ్చు. ఛాతీ ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు.

ఇంతకన్నా కష్టమైన పని ఇంకోటుంది, టీవీలో అది కెమెరాకి సరిగ్గా దొరకదు. ప్రత్యర్థులు పక్‌ని మన వెనక మూలలోకి కొట్టేస్తారు. మనం గిర్రున తిరిగి, గోల్ వైపు మొహం పెట్టి, వాళ్ళకి వీపు చూపిస్తూ దాని కోసం పరిగెత్తాలి. వెనక స్కేట్ల చప్పుడు దగ్గరవుతూ ఉంటుంది, గర్ గర్ మని మంచు కోసుకుంటూ. మూల చేరేలోపు రెండు మూడుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి: ఎంతమంది వస్తున్నారు, ఎటునుంచి, మనవాడు ఎక్కడున్నాడు. గోలీ అరుస్తాడు: "వీల్!" అంటే గోల్ వెనక నుంచి తిప్పుకుని పో. "రివర్స్!" అంటే వచ్చిన వైపుకే వెనక్కి వదిలెయ్. "ఓవర్!" అంటే రెండో డిఫెన్స్‌కి ఇచ్చెయ్. ఆఖరి అడుగులో భుజాన్ని ఒక వైపు ఊపి, మీదకొచ్చేవాణ్ణి అటు పంపి, తను ఇటు తిరగాలి. పక్ స్టిక్‌కి తగిలాక ఒక్క క్షణంలో పాస్ వెళ్ళిపోవాలి. వెళ్ళకపోతే గాజు పలకకి అతుక్కుపోవడమే.

2005లో ఎన్‌హెచ్‌ఎల్‌లో వచ్చిన రూలు ఈ పనిని ఇంకా కష్టం చేసింది. గోల్ లైన్ వెనక ట్రెపెజాయిడ్ ఆకారంలో ఒక గడి గీసి, గోలీ దాని బయట, అంటే మూలల్లో, పక్ ముట్టకూడదన్నారు. అప్పటిదాకా మంచి గోలీ బయటికొచ్చి ఆ చాకిరీ సగం తనే చేసేవాడు. ఇప్పుడు మూలలో పడ్డ ప్రతి పక్కూ డిఫెన్స్‌మన్ నెత్తినే.

ప్రాక్టీసులో ఈ ఒక్క డ్రిల్‌కే వారానికి ఇరవై నిమిషాలు పెడతాను. మా అమ్మాయి వెనక్కి చూడకుండా మూలలోకి వెళ్తుంటే బెంచి మీంచి "వెనక చూడవే!" అని తెలుగులో అరుస్తాను. ఎదుటి టీమ్‌కి అర్థం కాదు కాబట్టి అది మా సీక్రెట్ కోడ్.

అపోహ: ఆరడుగులు పైన లేకపోతే లాభం లేదు

ఈ అపోహ పుట్టడానికి కారణం ఉంది. జడెనో చారా 6 అడుగుల 9 అంగుళాలు. 2012 ఆల్ స్టార్ పోటీల్లో ఆయన స్టిక్ బాగా వెనక్కెత్తి కొట్టిన షాట్ (స్లాప్ షాట్) గంటకి 108.8 మైళ్ళు, అంటే దాదాపు 175 కిలోమీటర్లు. 2005కి ముందు ఎదుటివాణ్ణి పట్టుకుని, స్టిక్ అడ్డం పెట్టి, లాగి ఆపేసినా రెఫరీలు చూసీ చూడనట్టు వదిలేసేవారు. అలాంటి ఆటలో బరువే బలం. 2005 నుంచి వాటికి పెనాల్టీలు గట్టిగా ఇవ్వడం మొదలయ్యాక కాళ్ళ వేగానికీ, పాస్ వేసే తెలివికీ విలువ పెరిగింది.

2024లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచిన క్విన్ హ్యూస్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. 2022లోనూ 2025లోనూ గెలిచిన మకార్ 5 అడుగుల 11. పొట్టివాళ్ళకి దారి తెరిచారు గానీ రెడ్ కార్పెట్ వేశారనుకోకండి. సమానంగా ఆడే ఇద్దరిలో స్కౌట్లు ఇవాళ్టికీ పొడుగువాణ్ణే ముందు చూస్తారు. నాకు నచ్చకపోయినా పరిస్థితి అదే.

అపోహ: కొట్లాటలు వాళ్ళ డ్యూటీ

కొట్లాటకి దిగితే ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. గోల్ ముందు కాపలా ఉండాల్సినవాడు బాక్సులో కూర్చుంటే కోచ్ చప్పట్లు కొట్టడు. డెట్రాయిట్‌కి ఆడిన స్వీడన్ ఆటగాడు నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ 1,564 ఆటల్లో మొత్తం 514 పెనాల్టీ నిమిషాలు తీసుకున్నాడు. లెక్కేస్తే ఆటకి ఇరవై సెకన్లు. ఆయనకి వచ్చిన నోరిస్ ట్రోఫీలు ఏడు.

అపోహ: పళ్ళు ఊడిపోతాయి

పెద్దవాళ్ళకి ఊడతాయి. 2010 ప్లేఆఫ్స్‌లో షికాగో డిఫెన్స్‌మన్ డంకన్ కీత్ నోటికి పక్ తగిలి ఏడు పళ్ళు పోయాయి. కాసేపటికి అదే ఆటలో మళ్ళీ దిగాడు. పిల్లల సంగతి వేరు. మొహం మొత్తం కప్పే కేజ్ తప్పనిసరి. పైగా కెనడాలో 11-12 ఏళ్ళ స్థాయిలో బాడీ చెకింగ్‌ని, అంటే ఒంటితో ఢీకొట్టి ఆపడాన్ని, 2013లోనే తీసేశారు. నాకు పళ్ళకన్నా తలకి తగిలే దెబ్బల గురించే ఎక్కువ టెన్షన్. తల తిరుగుతోందని పిల్ల ఒక్కమాటన్నా ఆ రోజుకి ఆట బంద్. "ఏం కాలేదు, ఆడించండి" అని గాజు అవతల నుంచి సైగలు చేసే నాన్నలతో నేను వాదన పెట్టుకోను, అసలు అటు చూడను.

అపోహ: ప్లస్-మైనస్ చూస్తే డిఫెన్స్‌మన్ సత్తా తెలిసిపోతుంది

మంచు మీద ఉన్నప్పుడు మనవాళ్ళు గోల్ కొడితే ప్లస్ ఒకటి, తింటే మైనస్ ఒకటి. పవర్ ప్లేలో, అంటే ఎదుటివాళ్ళలో ఒకడు పెనాల్టీ బాక్సులో ఉన్నప్పుడు, ఎక్కువమందితో ఆడేవాళ్ళు కొట్టిన గోల్స్ లెక్కలోకి రావు. 1970-71లో ఓర్‌ది ప్లస్ 124, దాని దరిదాపుల్లోకి ఎవరూ రాలేరనుకుంటా. కానీ 2022-23లో శాన్ హోసేకి ఆడిన ఎరిక్ కార్ల్‌సన్‌ని చూడండి. 101 పాయింట్లు, నోరిస్ ట్రోఫీ, ప్లస్-మైనస్ మాత్రం మైనస్ 26. ఆ టీమే పట్టికలో అడుగు వరుసల్లో ఉంది. గోలీ బాగోకపోయినా, జోడీగా ఆడేవాడు నిద్రపోయినా మైనస్ మన ఖాతాలోనే పడుతుంది. మా లీగ్ యాప్‌లో ఈ నంబర్ చూసి పదకొండేళ్ళ పిల్లని కారులో క్లాసు పీకిన తల్లిదండ్రులు నాకు తెలుసు.

అపోహ: డ్రాఫ్ట్‌లో పేరు పిలిచారంటే లైఫ్ సెటిల్

ఇల్లు అలకగానే పండగ కాదు. టీమ్‌లు కుర్ర ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, 32 టీమ్‌లు, మొత్తం 224 పేర్లు. వాళ్ళలో ఎక్కువమంది ఆ లీగ్‌లో వంద ఆటలు కూడా ఆడరు. ఒక టీమ్ ఆటకి మామూలుగా ఆరుగురు డిఫెన్స్‌మన్లనే దింపుతుంది. ఆ ఆరు సీట్లలో ఒకటి ఖాళీ అవ్వాలంటే ఒకడికి దెబ్బ తగలాలి, లేదా ట్రేడ్ అవ్వాలి, లేదా వయసు మీద పడాలి.

అందుకే చాలామంది ముందు ఏహెచ్‌ఎల్ అనే కింది లీగ్‌లో మగ్గుతారు. టూ-వే కాంట్రాక్టు అంటే పైన ఆడితే ఒక జీతం, కింద ఆడితే వేరే జీతం. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు, కింది లీగ్‌లో అందులో చిన్న ముక్క. ఫోన్ వస్తే రాత్రికి రాత్రి పైకి, ఇంకో ఫోన్ వస్తే కిందకి. ఈ పొజిషన్‌లో ఆలస్యం మామూలే. ఫార్వర్డ్ తప్పు చేస్తే వెనక ఇద్దరుంటారు, డిఫెన్స్‌మన్ తప్పు చేస్తే మిగిలేది గోలీ ఒక్కడే. నమ్మకం కుదిరేదాకా కోచ్‌లు కుర్రవాళ్ళని దింపరు.

టొరంటో కుర్రాడే మార్క్ జోర్డానో. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. కాల్గరీలో చేరి కొన్నేళ్ళు పైకీ కిందకీ తిరిగాడు. మళ్ళీ టూ-వే కాంట్రాక్టే ఇస్తామంటే వద్దని 2007లో రష్యా వెళ్ళి మాస్కో డైనమోకి ఆడాడు. ఏడాది తర్వాత వెనక్కొచ్చాడు, తర్వాత అదే కాల్గరీకి కెప్టెన్ అయ్యాడు, 2019లో నోరిస్ గెలిచాడు. అప్పటికి వయసు 35. మా ట్రైఔట్లలో పేరు రాక ఏడ్చే పిల్లలకి నేను చెప్పే కథ ఇదొక్కటే.

అపోహ: ముప్పై దాటితే ఇంటికే

చారా 1,680 ఆటలాడి 45 ఏళ్ళ వయసులో, 2022లో రిటైరయ్యాడు. బోర్క్ 22 సీజన్లాడి ఆఖరి ఆటలో, 40 ఏళ్ళ వయసులో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. లిడ్‌స్ట్రోమ్ 42 ఏళ్ళకి రిటైరయ్యాడు. మరోవైపు, ఇందాకటి ఓర్ మోకాళ్ళు పాడై 30కే ఆపేశాడు, 657 ఆటలతో. ఈ పొజిషన్‌లో ఎవరెంతకాలం ఉంటారో మోకాళ్ళూ నడుమూ చెప్తాయి. ఒక్కో షిఫ్ట్, అంటే మంచు మీదకి దిగి మళ్ళీ బెంచికి వచ్చేదాకా, నలభై, నలభై ఐదు సెకన్లే. కానీ ముందు వరుస డిఫెన్స్‌మన్లు ఆటకి పాతిక నిమిషాల దాకా మంచు మీద ఉంటారు, ఫార్వర్డ్‌ల కన్నా ఎక్కువ. 2013-14లో మినెసోటాకి ఆడిన ర్యాన్ సూటర్ సగటు 29 నిమిషాల పైనే. అరవై నిమిషాల ఆటలో దాదాపు సగం.

అపోహ: మన పిల్లలకి అబ్బదు

1989లో వాషింగ్టన్‌కి ఆడిన రాబిన్ బావా భారత సంతతి నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్ళిన మొదటి ఆటగాడు. ఇక్కడ హాకీ కామెంటరీ 2008లో పంజాబీలో కూడా మొదలైంది. మన దేశంలోనే లడఖ్ అమ్మాయిలు గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకుని జాతీయ జట్టుకి ఆడుతున్నారు. తెలుగువాళ్ళ పేరు పైస్థాయిలో ఇంకా నా కంటపడలేదు.

మనవాళ్ళకి ఒక చిన్న లాభం మాత్రం ఉంది. కెనడాలో కుడిచేతివాటం పిల్లలు కూడా చాలామంది ఎడమ వైపు షాట్ కొడతారు, కుడి చేయి స్టిక్ పైన, ఎడమ చేయి కింద పెట్టి. అందుకే కుడి వైపు కొట్టే డిఫెన్స్‌మన్లు ఎప్పుడూ కొరతే, జూనియర్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్ దాకా వాళ్ళ కోసం వెతుకులాటే. మన నాన్నలేమో స్టిక్ కన్నా ముందు క్రికెట్ బ్యాట్ చేతికిస్తారు. బ్యాట్ అలవాటైన పిల్లాడు స్టిక్‌నీ అలాగే పట్టుకుంటాడు: ఎడమ చేయి పైన, కుడి చేయి కింద.

మొదట్లో చెప్పిన ఆ గోల్స్ కొట్టే టైపు అబ్బాయి శనివారం పొద్దున్న ఆరుంబావుకి ప్రాక్టీసుకొచ్చాడు. స్టిక్ పట్టుకున్న తీరు చూశాను. కుడి చేయి కింద. వెనక్కి స్కేటింగ్ ఇంకా తడబాటే, కానీ మూలలోకి వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఒకసారి వెనక్కి చూశాడు. వచ్చే ఆటలో కుడి డిఫెన్స్‌లో వేస్తున్నానని వాళ్ళ నాన్నకి మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్‌లు పడ్డాయి, జవాబింకా రాలేదు.